పుల్లకూర సరే, వడ్డించే చెయ్యేదీ?

మన దేశంలో ప్రారంభోత్సవాలకి లోటు లేదు. వంతెన కడితే శిలాఫలకం, బడి కడితే శిలాఫలకం. ఆఖరికి బస్సాగే చోట నాలుగు స్తంభాలు పాతి పైన రేకు వేసినా, దానిమీద ఇచ్చినవారి పేరూ, వారి తండ్రిగారి పేరూ, రిబ్బను కత్తిరించినవారి పేరూ వుండి తీరవలసిందే. మంచిదే, కాదనను. కానీ ఆ రేకు తుప్పుపడితే రంగు వేసినవాడి పేరు ఎక్కడైనా చదివారా? ఆ బడి కుళాయికి వాషరు మార్చినవాడికి ఎవరైనా శాలువా కప్పారా? కట్టినవాడు మహానుభావుడు, నిలబెడుతున్నవాడు నౌకరు. ఇదీ మన లెక్క. ఈ లెక్క తప్పని నా వాదన. ఇంట్లోనూ తప్పే, వీధిలోనూ తప్పే. ఇప్పుడు మనందరి అరచేతుల్లోకీ వచ్చిపడిన ఇంటర్నెట్టులో అయితే మరీ తప్పు.

“బి.ఏ. చదివి నవలలు రాసుకునేదానివి, కంప్యూటర్ల గొడవ నీకెందుకమ్మా?” అంటారు కాబోలు. ప్రెషర్ కుక్కరు గురించి ఇంజనీర్లే మాట్లాడాలంటే ఏ ఇంట్లోనూ అన్నం ఉడకదు. రోజూ వాడేవాళ్ళం మనం. అంచేత మాట్లాడే హక్కు మనకీ వుంది.

నేను చెప్పబోయేది చాలా చిన్న పనిముట్టు గురించి. మీరు ఏ వంటల సైటులోనో గుత్తివంకాయ కూర చదువుతుంటారు. కారం ఎంత, చింతపండు ఎంత అని రాసి, మధ్యలో ఆ కూర చేసే వీడియో కూడా పెడతారు. అక్కడ నొక్కితే అక్కడే ఆడుతుంది. నిజానికి ఆ వీడియో ఆ సైటులో లేదు. అది ఏ యూట్యూబులోనో వుంటుంది. ఇలా పొరుగు సైటులోని వీడియోనో, పాటనో, ఫొటోనో మన పేజీలో కనిపించేలా పొదగడాన్ని ఎంబెడ్ చెయ్యడం అంటారు. పొరుగింటి పుల్లకూర రుచి అన్నారు పెద్దలు. అయితే ఇక్కడ ఆ పుల్లకూర గిన్నె మనింటికి రాదు. గోడకి ఓ కిటికీ పెట్టి, పొరుగింటి పొయ్యి మీది కూర మన వంటింట్లోంచి కనబడేలా చేస్తారు, అంతే.

ఆ కిటికీ దానంతటది పుట్టదు. రాసేవాళ్ళు వీడియో చిరునామా ఒక్కటి అక్కడ అతికించి వూరుకుంటారు. ఆ చిరునామా చూసి ఇది ఫలానా సైటుదని పోల్చుకుని, అందులోంచి వీడియో గుర్తుని - యూట్యూబుకైతే అది పదకొండు అక్షరాలూ అంకెలూ కలిసిన గుర్తు - ఏరుకుని, సరైన కొలతలో చట్రం బిగించే పని ఒక చిన్న ప్రోగ్రాముది. దాన్ని యాడ్-ఆన్ అంటారు. పెద్ద యంత్రానికి తగిలించుకునే చిన్న పరికరమన్నమాట. 2008లో లియా కల్వర్ అనే ఆవిడా మరో ముగ్గురూ కలిసి ఓఎంబెడ్ అని ఒక పద్ధతి కూడా రాసిపెట్టారు. “మీ వీడియోని మా పేజీలో ఎలా చూపించమంటారు?” అని ఒక సైటు అడిగితే, రెండోది “ఇదిగో, ఇంత వెడల్పు, ఇంత ఎత్తు, ఇదీ చట్రం” అని జవాబు చెప్పాలి. ఇరుగుపొరుగుల మధ్య వుండవలసిన మర్యాదే.

ఇంతవరకూ బాగానే వుంది. కానీ ఇల్లలకగానే పండగ కాదు. కిటికీ పెట్టగానే పని తీరలేదు. ఎందుకంటే అవతలి వంటిల్లు మనది కాదు. పొరుగాయన రాత్రికి రాత్రి పొయ్యి జరుపుకుంటాడు, తలుపు మారుస్తాడు, ఒక్కోసారి చెప్పా పెట్టకుండా ఇల్లే ఖాళీ చేసి పోతాడు.

లెక్క చెబుతాను, వినండి. యూట్యూబు వీడియోలు మొదట్లో ఫ్లాష్ అనే దానితో ఆడేవి. 2010లో ఐఫ్రేమ్ అని వేరే రకం చట్రం వచ్చింది. అయినా ఫ్లాష్‌నే నమ్ముకున్న పేజీలు లోకమంతా మిగిలే వున్నాయి. 2020 డిసెంబరు 31న అడోబీ కంపెనీ ఫ్లాష్‌కి తిలోదకాలిచ్చి, 2021 జనవరి 12 నుంచి అది ఆడకుండా తాళమే వేసింది. వైన్ అని ఆరు సెకన్ల వీడియోల సైటు ఒకటి వెలిగింది, 2017 జనవరిలో దుకాణం కట్టేసింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్లో పోయింది. 2020 జూన్ 29న మన ప్రభుత్వం 59 యాప్‌లను నిషేధించినప్పుడు టిక్‌టాక్ పోయింది. దానిలోంచి పొదిగిన పాటలూ ఆటలూ ఈ దేశంలో చూసేవాళ్ళకి ఖాళీ గళ్ళయి మిగిలాయి. 2020 సెప్టెంబరులో యూట్యూబు షార్ట్స్ అని మన దేశంలోనే మొదట మొదలుపెట్టింది. దాని చిరునామా తీరు వేరు, బొమ్మ నిలువు, పాత చట్రమేమో అడ్డం. అదే ఏడు అక్టోబరు 24 నుంచి ఫేస్‌బుక్కూ ఇన్‌స్టాగ్రామూ, ముందుగా మా దగ్గర పేరు నమోదు చేసుకుని అనుమతి గుర్తు చూపిస్తే తప్ప మా సరుకు చూపించనివ్వం అన్నాయి. ట్విట్టర్ 2023 జూలైలో ఎక్స్ అని పేరు మార్చుకుంది, 2024 మేలో చిరునామా కూడా మార్చుకుంది.

కోర్టులు కూడా వూరుకోలేదు. జర్మనీలో ఒక బట్టల కొట్టువారు తమ సైటులో ఫేస్‌బుక్ వారి లైక్ బటను పొదుగుకున్నారు. చూడవచ్చినవారి వివరాలు ఆ బటను గుండా అవతలికి పోతున్నాయి గనక, వాటిని సేకరించి పంపడంలో పొదిగినవారికీ బాధ్యత వుందని 2019 జూలైలో ఐరోపా న్యాయస్థానం తీర్పు చెప్పింది. సబబైన తీర్పే. మనింటికి వచ్చిన చుట్టాన్ని కిటికీలోంచి పొరుగువాడు తొంగిచూస్తుంటే మనకి బాధ్యత లేదా? కానీ దాని మూలాన, ముందు ఉత్త బొమ్మ చూపించి, చదువరి సరేనని నొక్కాకే చట్రం తెరవాలని చాలా యాడ్-ఆన్‌లు తిరగరాసుకోవలసి వచ్చింది.

ఇన్నిసార్లు తిరగరాసింది ఎవరండీ? తలుపు మార్చిన కంపెనీవారా? వీడియో అతికించిన మనమా? కాదు. ఎక్కడో ఒక మనిషి. చాలాసార్లు ఒక్కరే మనిషి. జీతం లేదు, బత్తెం లేదు, పేరు కూడా తెలియదు.

నేను గాలిలోంచి మాట్లాడ్డం లేదు. మా ఆడపడుచు కూతురు హైదరాబాదులో వుద్యోగం చేస్తూ, రాత్రిళ్ళు ఇలాంటి యాడ్-ఆన్ ఒకదాన్ని చూసుకుంటోంది. మొదట దాన్ని తయారుచేసినవాడు వేరు. అతనికి పనులు పెరిగి వదిలేశాడు. అప్పటికే బోలెడుమంది వాడుతున్నారు, ఆగిపోతే ఎలాగని ఈ పిల్ల ఎత్తుకుంది. అత్తగారు కాశీకి వెడుతూ కొత్త కోడలికి తాళాలగుత్తి ఇచ్చినట్టయింది. ఏ అల్మారాలో ఏముందో తెలియదు, చుట్టాలు మాత్రం వస్తూనే వున్నారు.

దానికి వచ్చే ఉత్తరాలు నాకు చూపించింది. “నిన్నటిదాకా బాగానే వుంది, ఇవాళ ఏం చెడగొట్టావు?” అని ఒకరు. “మూడు రోజులయింది చెప్పి, ఇంకా బాగుచెయ్యలేదంటే నీకు చేతకాదన్నమాట” అని ఇంకొకరు. చెడగొట్టింది ఇది కాదు, అవతలి సైటువాళ్ళు చిరునామా మార్చారు. ఆ కంపెనీకి ఒక్కరూ రాయరు. రాసినా చదివేవాళ్ళుండరని అందరికీ తెలుసు. అందుబాటులో వున్న మనిషినే తిట్టాలి కదా మరి! బియ్యంలో రాళ్ళుంటే కొట్టువాణ్ణి వదిలేసి వడ్డించినదాన్ని కేకలెయ్యడం మనకి కొత్తా?

“అత్తయ్యా, పనిచేసినన్నాళ్ళూ అక్కడ మనిషి వున్నట్టే ఎవరికీ తెలియదు. చెడిన రోజున మాత్రం నేనొక్కదాన్నే వుంటాను” అంది ఆ పిల్ల, నవ్వుతూనే. నాకు నవ్వు రాలేదు. ఈ మాట ఇంకెక్కడో విన్నాననిపించింది. మీకూ అనిపించే వుంటుంది.

ఇలాంటి సందర్భాల్లో మనవాళ్ళు మూడు ముక్కలు సిద్ధంగా వుంచుకుంటారు. మొదటిది, “ఎవరు చెయ్యమన్నారు? ఇష్టపడే చేస్తోంది కదా!” రెండోది, “అదెంత పనిలే, నాలుగు లైన్లు మార్చడమేగా!” మూడోది, “ఉచితంగా ఇచ్చినప్పుడు సక్రమంగా ఇవ్వొద్దూ?”

ఒక్కొక్కటే చూద్దాం. ఇష్టపడి చేస్తే జీతం అక్కర్లేదా? సంగీత విద్వాంసులు ఇష్టపడే పాడతారు, సర్జన్లు ఇష్టపడే కత్తి పడతారు. వాళ్ళకి ఫీజు ఇవ్వొద్దని ఎవరైనా అంటారా? ఈ ఇష్టం అనే మాట కొందరి పనికే ఎందుకు తగులుకుంటుందో గమనించండి. తల్లి వంట ఇష్టపడి చేస్తుంది, కోడలు సేవ ఇష్టపడి చేస్తుంది. 2024లో కేంద్రప్రభుత్వం చేసిన సమయ వినియోగ సర్వేలో, ఇంటిపని చేస్తున్న ఆడవాళ్ళు రోజుకి సుమారు 289 నిమిషాలు జీతంలేని ఆ పనిలో గడుపుతున్నారని తేలింది. ఇంటిపనిలో చెయ్యి పెట్టిన మగవాళ్ళు 88 నిమిషాలు. ఈ 289 నిమిషాలూ ఇష్టమే అనుకోండి. ఇష్టమైనంత మాత్రాన అవి నిమిషాలు కాకుండా పోతాయా?

రెండో ముక్క, అదెంత పని అనేది. 2021 జనవరిలో సుప్రీంకోర్టు ఒక ప్రమాద పరిహారం కేసులో, ఇంట్లో వుండే ఇల్లాలు పనేమీ చెయ్యదనే భావనే తప్పని చెప్పింది. అందులో మన తెలుగువారు జస్టిస్ ఎన్.వి. రమణగారు విడిగా రాసిన అభిప్రాయం ఆడవాళ్ళందరూ చదవదగ్గది. 2011 జనాభా లెక్కల్లో ఇంటిపనే తమ ముఖ్యమైన పని అని చెప్పిన ఆడవాళ్ళు దాదాపు 16 కోట్లమంది. అలా చెప్పిన మగవాళ్ళు 58 లక్షల లోపే. ఇంత పని దేశాదాయం లెక్కలోకి రాదు. ఎందుకు రాదు? మిగిలిపోయి కనబడే వస్తువేదీ తయారుకాదు గనక. నిన్న తోమిన గిన్నె ఇవాళ మళ్ళీ తోమాలి. ఎంత బాగా చేస్తే అంతగా కనబడకుండా పోయే పని ఇది. యాడ్-ఆన్ నిలబెట్టడమూ అచ్చం ఇంతే. మార్చేది నాలుగు లైన్లే కావచ్చు. ఏ నాలుగు లైన్లో వెతకడానికి రాత్రి పోతుంది. మార్చినందువల్ల ఇంకెక్కడా చెడలేదని పాత ఫోన్లలోనూ కొత్త ఫోన్లలోనూ చూసుకోవడానికి మరో రాత్రి పోతుంది.

ఇక మూడోది. ఉచితంగా పంచే ఇలాంటి ప్రోగ్రాములతో మామూలుగా ఒక ఒప్పందపత్రం కూడా వస్తుంది. ఉన్నది ఉన్నట్టు ఇస్తున్నాను, ఏ హామీ లేదు అని అందులో స్పష్టంగా రాసి వుంటుంది. అది మనం చదవం. చదవకుండా తీసుకుని, హామీ ఇచ్చినవాళ్ళని నిలదీసినట్టు నిలదీస్తాం. సత్రంలో భోంచేసి, నెయ్యి తక్కువయిందని వంటమనిషి మీద విరుచుకుపడ్డట్టు!

తిడితే తిట్టారు, దులుపుకుపోవచ్చు కదా అంటారా? ఆ తిట్లు ఎంత దూరం వెళతాయో 2024లో లోకమంతా చూసింది. ఎక్స్‌జెడ్ అని ఫైళ్ళని కుదించే ప్రోగ్రాము ఒకటుంది. ప్రపంచంలోని లెక్కలేనన్ని కంప్యూటర్లలో అది వుంది. ఏళ్ళ తరబడి దాన్ని ఫిన్లండుకి చెందిన ఒక్క మనిషి ఖాళీ సమయంలో చూసుకుంటూ వచ్చాడు. 2022లో కొందరు వెంటపడ్డారు. ఆలస్యం చేస్తున్నావు, చేతకాకపోతే ఇంకొకరికి అప్పగించమని సతాయించారు. ఆరోగ్యం బాగాలేదని, ఇది జీతంలేని పని అని పాపం ఆయన చెప్పుకున్నాడు కూడా. చివరికి ఎంతో ఓర్పుగా సాయం చేస్తూ వచ్చిన ఒకరికి తాళాల్లో వాటా ఇచ్చాడు. ఆ సాయం చేసినవారే అందులో దొంగదారి పెట్టారు. 2024 మార్చి చివర్లో, లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని అనుమానం వచ్చి ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు కూపీ లాగబట్టి బయటపడింది గానీ, లేకపోతే ఎన్ని ఇళ్ళు గుల్లయ్యేవో! సతాయించినవాళ్ళు కూడా ఆ దొంగ తాలూకు మనుషులేనని చాలామంది నిపుణుల అనుమానం. కానీ ఆ సతాయింపు ఎవరికీ వింతగా తోచలేదు, చూశారా! నిజం మనుషులు కూడా రోజూ అలాగే మాట్లాడతారు గనకే దొంగమాట అందులో కలిసిపోయింది.

అంతకుముందు 2014లోనూ ఇదే కథ. బ్యాంకులూ దుకాణాలూ రహస్యంగా మాట్లాడుకోవడానికి వాడే ఓపెన్ఎస్ఎస్ఎల్‌లో పెద్ద లోపం బయటపడింది. తీరా చూస్తే దానిమీద పూర్తికాలం పనిచేసే మనిషి ఒక్కరే. ఏడాదికి వచ్చే చందాలు సుమారు 2,000 డాలర్లు. కోట్లమంది సొమ్ము భద్రంగా వుంచే తాళానికి, ఒక పెళ్ళి పందిరికయ్యే ఖర్చు కూడా పెట్టలేదు లోకం! గగ్గోలు పుట్టాక పెద్ద కంపెనీలు పరుగున వచ్చి నిధి ఏర్పాటు చేశాయి. ఇల్లు కాలాక బావి తవ్వినట్టు.

ఈ వీడియో కిటికీల వల్ల బ్యాంకులు మునగవు, ఒప్పుకుంటాను. కానీ మునిగేది ఇంకొకటుంది. ఎవరో శ్రమపడి పాత రేడియో నాటిక గురించి వ్యాసం రాస్తారు. వాళ్ళ మామ్మగారు పాడిన మంగళహారతి గురించి రాస్తారు. చివర “ఈ కింద వినండి” అంటారు. కింద చూస్తే బూడిదరంగు గడి. మాట మిగిలింది, గొంతు పోయింది. అమెరికాలోని ప్యూ పరిశోధనా సంస్థ 2024లో చెప్పినదాని ప్రకారం, 2013లో వున్న వెబ్ పేజీలలో 38 శాతం పదేళ్ళు తిరిగేసరికి కనబడకుండా పోయాయి. ఫొటోబకెట్ అనే సైటు ఏళ్ళ తరబడి అందరి ఫొటోలూ దాచుకోనిచ్చి, 2017లో, మీ ఫొటోలు వేరే సైట్లలో కనబడాలంటే సాలుకి దాదాపు 400 డాలర్లు కట్టమంది. కట్టనివాళ్ళ పిల్లల ఫొటోలున్న చోట, డబ్బు కట్టమనే నోటీసు బొమ్మ ప్రత్యక్షమైంది.

పెద్ద కంపెనీలని నేను వెనకేసుకురావడం లేదు. కిటికీ వల్ల వాళ్ళకి నష్టమేం లేదు. వీడియో మన పేజీలో ఆడినా ఆడేది వాళ్ళ చట్రంలోనే, చూసినవాళ్ళ సంఖ్య పెరిగేది వాళ్ళ ఖాతాలోనే. అటువంటప్పుడు తలుపు మార్చేముందు తగిన వ్యవధి ఇవ్వాలి. పాత చిరునామాకి వచ్చినవాళ్ళని కొత్త చిరునామాకి పంపాలి. ఇది దయ కాదు, బాకీ. అద్దెకున్నవాణ్ణి ఖాళీ చేయించాలన్నా నోటీసు ఇస్తారు కదా!

మరి మనం? సైటు నడిపే సాహిత్య సంఘాలూ, పత్రికలూ, బళ్ళూ, కులాసా క్లబ్బులూ సైటు పెట్టిన రోజున ఖర్చు రాసుకుంటాయి. దాన్ని నిలబెట్టే ఖర్చు ఏ పద్దులోనూ రాయవు. రాయండి. వార్షికోత్సవానికి కొనే దండల్లో రెండు తగ్గించి, మీరు వాడే ఉచిత పనిముట్టు చూసుకుంటున్నవారికి పంపండి. జర్మనీ ప్రభుత్వం 2022లో ఇలాంటి ఉమ్మడి సాఫ్ట్‌వేర్ నిలబెట్టేవారికోసం ప్రత్యేకంగా ఒక నిధి పెట్టింది. రోడ్లకీ వంతెనలకీ పెట్టినట్టే. మన ప్రభుత్వాలు అడిగితే తప్ప పెట్టవు. అడుగుదాం.

వీడియో ఆడకపోతే తిట్టేముందు ఏ పేజీలో, ఏ ఫోనులో, ఎప్పటినుంచీ అనే మూడు సంగతులు రాయండి. డాక్టరు దగ్గరికి వెళ్ళి “బాగాలేదు” అని వూరుకోం కదా. మీ ఇంటివాళ్ళ పాటలూ ఫొటోలూ వుంటే, మూలప్రతి మీ దగ్గర భద్రం చేసుకున్నాకే పొరుగింట్లో పెట్టండి. ముఖ్యంగా, చూసుకునే మనిషి అలిసిపోయి “ఇక నావల్ల కాదు” అంటే, ద్రోహం చేసినట్టు మాట్లాడకండి. మానేసే హక్కు లేని పనిని సేవ అనరు, వెట్టి అంటారు.

మా ఆడపడుచు కూతురికి నేను కంప్యూటరులో చెయ్యగల సాయం సున్న. అయినా మొన్న ఒక చదువరి దానికి రెండు వాక్యాల ఉత్తరం రాశారు. ఏమీ చెడలేదు, ఏమీ అడగలేదు, నాలుగేళ్ళుగా మీ పనిముట్టు వాడుతున్నాను, బాగా పనిచేస్తోంది అని. ఇన్నాళ్ళలో అలాంటి ఉత్తరం అదొక్కటేనట. ఈ వారం మీ ఇంట్లో ఏది చెడకుండా నడుస్తోందో చూడండి. దాన్ని నడుపుతున్నది ఎవరో కనుక్కోండి. ఇంట్లోవాళ్ళయితే ఆ పనిలో మీ వంతు చెయ్యండి, బయటివాళ్ళయితే డబ్బు పంపండి, రెండూ కుదరకపోతే ఆ రెండు వాక్యాలూ రాయండి.